కొసరు

మేష్టారికి బేరం ఆడడం చేతకాదు. సంతకి వెళ్ళి ఉల్లిపాయలు కొంటే, అమ్మేవాడు చెప్పిన ధర ఇచ్చేసి, చిల్లర కూడా వాడికే వదిలేసి, "పాపం, పొద్దున్నుంచీ ఎండలో కూర్చున్నాడు" అంటూ ఇంటికొచ్చి వాడి తరఫునే వకాల్తా పుచ్చుకునే రకం. అలాంటి మనిషి ముప్పై ఏళ్ళపాటు సంగీతం రాసి, రాసినదాన్ని అచ్చువాళ్ళకి అమ్ముకుని, నలుగురిలో పేరు తెచ్చుకున్నాడంటే అందులో ఆయన ప్రజ్ఞ సగమే. మిగతా సగం వాళ్ళక్కది.

అక్క ఆయనకంటే కాస్త పెద్ద. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పియానో ముందు, ఒకే బెత్తం కింద సంగీతం నేర్చుకున్నారు. మేష్టారికి సంగీత పాఠశాలలో ఉద్యోగం దొరికాక, ఇద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. చేసుకోనని భీష్మించుకుని కూర్చున్నదీ లేదు. ఇవాళా రేపా అంటూ ఉండగానే జుట్టు నెరిసింది, అంతే. అక్క సంగతి ఎవరూ అడగలేదు.

మేష్టారి రాత కోడి కెలికినట్టుండేది. ఆయన కాగితాల మీద గిలికి పడేసిన స్వరాలని అక్క సాపు రాసేది. ముత్యాల్లాంటి అక్షరాలంటారే, అలా ముత్యాల్లాంటి స్వరాలు. సాపు ప్రతిని సంచిలో పెట్టుకుని ప్రచురణ సంస్థకి బయల్దేరేది. మేష్టారు వెంట వెళ్ళేవారు గానీ గడప దాటేవారు కాదు. "నువ్వు లోపలికి రాకు. నీ మొహం చూస్తే ధర పడిపోతుంది" అనేది అక్క. ఆయన ఎదురు పార్కులో బెంచీ మీద కూర్చుని ఉంటే, ఆవిడ గంటకో గంటన్నరకో బయటికొచ్చి, చీపురు పట్టి బూజు దులిపి వచ్చినదానిలా చేతులు దులుపుకుంటూ "పద" అనేది. పద అంటే పని అయిందని అర్థం.

అలాంటి అక్క, అరవై దాటాక, దవడ పన్ను తీయించుకోడానికి వెళ్ళి పెళ్ళి కుదుర్చుకుని వచ్చింది. పెళ్ళికొడుకు ఆ పళ్ళ డాక్టరే, భార్య పోయినవాడు. నది అవతలి ఒడ్డున ఇల్లు. "ఉన్న పన్ను పోయింది, లేని మొగుడు వచ్చాడు" అని ఆవిడే నవ్వుతూ చెప్పింది. మేష్టారూ నవ్వారు. పెళ్ళికి సాక్షి సంతకం పెట్టారు. సామాను పడవ ఎక్కించేటప్పుడు అక్క కుర్చీని తనే మోశారు. తిరిగొచ్చి ఇంటి తలుపు తీశాక గానీ, ఇంతకాలం ఆ ఇంట్లో చప్పుడు చేస్తున్నది ఎవరో ఆయనకి తెలిసిరాలేదు.

కొన్నాళ్ళు ఇద్దరికి సరిపడా వండి, ఒకరికి సరిపడా తిన్నారు. "ఉప్పు ఎక్కడ పెట్టావే?" అని పక్కగదిలోకి కేకేసి, జవాబు కోసం ఒక క్షణం ఆగి, తనలో తనే సిగ్గుపడ్డారు. ఉప్పు చేతికందే చోటే ఉంది. పాఠశాల ఉద్యోగం అప్పటికే ముగిసింది. ఇంటికొచ్చి నేర్చుకునే శిష్యులు ఒకరూ అరా ఉండేవారు, వాళ్ళూ ఇల్లు మారిపోయారు. వారంలో కొన్ని రోజులు ఆయన గొంతు ఆయనకే వినపడేది కాదు. పాలవాడితో "ఒకటి చాలు" అన్నప్పుడు ఆ గొంతు బొంగురుగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు పలికేది.

అయితే ఆ ఏడాదే ఆయన తన పెద్ద పని పూర్తిచేశారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించే క్వార్టెట్ అది. ఆరేళ్ళు పట్టింది. అందులో మూడు భాగాలు అక్క ఉండగానే సాపు అయ్యాయి. నాలుగోది పెళ్ళి హడావిడిలో కూర్చుని ముగించి వెళ్ళింది. మేష్టారికి ఆ కృతి అచ్చులో చూసుకోవాలని ఉంది. అచ్చయితేనే వాయించేవాళ్ళ చేతికి చేరుతుంది. లేకపోతే బీరువాలో చెదపురుగులు వాయించుకోవాలి.

అక్కకి ఫోన్ చేశారు.

"నేనొస్తాలే, ఈయనకి కాస్త నలతగా ఉంది, పది రోజులాగు" అంది అక్క.

"వద్దులే, నేనే వెళతాను" అన్నారు మేష్టారు. ఎందుకన్నారో ఆయనకే తెలీదు. పౌరుషం అనుకుందాం.

అక్క, "సరే, విను. అతను ధర చెప్పగానే తల ఊపకు. నీ తల నీ మాట వినదు, నాకు తెలుసు. అందుకని నేలకేసి చూడు. పెద్దదొక్కటే పట్టుకెళితే కొనడు. చిన్న చిన్న పియానో ముక్కలేవైనా జత చెయ్యి. బీరువాలో కింద అరలో ఉన్నాయి, నీలం నాడా కట్టినవి" అంది.

కింద అరలో నీలం నాడా కట్టలు చాలానే ఉన్నాయి. అన్నీ అక్క చేతిరాతే, కాబట్టి అన్నీ తనవే అనుకున్నారు మేష్టారు. చేతికందిన పల్చటి కట్ట ఒకటి తీసి, క్వార్టెట్‌తో కలిపి సంచిలో పెట్టుకున్నారు.

ప్రచురణ సంస్థ మేడమెట్లు సిరా వాసన, తడి కాగితం వాసన కొట్టాయి. లోపల గోడల నిండా సంగీత పుస్తకాలు, మూలన ఒక నిలువు పియానో. ప్రచురణకర్త పాత యజమాని కొడుకు, మేష్టారికంటే బాగా చిన్నవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దాన్నే బల్ల మీద వెతుక్కుంటున్నాడు. మేష్టార్ని చూసి లేచి, ఆయన భుజం మీదుగా తలుపు వైపు చూశాడు.

"అక్కగారు రాలేదా?"

"పెళ్ళయింది."

"ఎవరికి?"

"అక్కకే."

ప్రచురణకర్త అభినందించాలో పరామర్శించాలో తెలీక, మధ్యస్తంగా తల ఆడించి కూర్చున్నాడు. క్వార్టెట్ అందుకుని తిరగేశాడు. మొదట నెమ్మదిగా, తర్వాత కాస్త వేగంగా, చివరికి దుకాణంలో బట్ట తాను విప్పినట్టు.

"మేష్టారూ, మీరేమీ అనుకోకపోతే ఓ మాట. పని గొప్పది, కాదన్ను. కానీ నలుగురు వాయించేదాన్ని నలుగురే కొంటారు. అందులో ఇద్దరు పక్కవాడి దగ్గర జిరాక్స్ తీసుకుంటారు. నేనేం తిని బతకాలి?"

మేష్టారు నేలకేసి చూశారు. నేల మీద ధర ఏదీ రాసి లేదు.

ప్రచురణకర్త రెండో కట్ట విప్పాడు. పైన "ఇంటి చప్పుళ్ళు" అని ఉంది. లోపల చిన్న చిన్న పియానో ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో పేరు. కుళాయి. మెట్లు. వానకి ముందు బట్టలు తీయడం. అతను రెండు పేజీలు చదివి, లేచి పియానో దగ్గరికి వెళ్ళాడు.

మొదటి ముక్క విని మేష్టారు తల ఎత్తారు. ఇదెప్పుడు రాశాను అనుకున్నారు. రాసినవాడికి తన సంగీతం గుర్తుండకపోవడం కొత్తేమీ కాదు. కానీ రెండోది కూడా కొత్తగానే ఉంది. ఎవరో బరువుగా మెట్లెక్కుతున్నారు. రెండో మలుపు దగ్గర ఆగుతున్నారు, ఆయాసపడి కాదు, ఏదో గుర్తొచ్చి. మళ్ళీ ఎక్కుతున్నారు. అలా రెండో మలుపు దగ్గర ఆగేది తనే అని మేష్టారికి అప్పుడు తట్టింది. తను ఆగుతానని తనకే తెలీదు. పై అంతస్తులో కూర్చుని రోజూ వినేవాళ్ళకే తెలుస్తుంది.

చివరి ముక్క పేరు "పక్కగది". కుడిచెయ్యి ఒక మాట మొదలుపెట్టి ఆపేస్తుంది. మళ్ళీ మొదటినుంచీ అందుకుంటుంది, కొంచెం మార్చి. మళ్ళీ ఆపేస్తుంది. గోడ అవతల ఎవరో రాస్తూ కొట్టేస్తూ ఉన్నట్టు. ఎడమచెయ్యి మాత్రం ఈ తంటాలేవీ పట్టనట్టు, చిన్న స్వరంలో, తన దారిన తాను నడుస్తూ ఉంటుంది. కొంతసేపటికి కుడిచెయ్యి పూర్తిగా మానేస్తుంది. ఎడమచెయ్యి ఒక్కటే ఇంకో పేజీ అంతా నడుస్తుంది. అంతే, అయిపోయింది.

ప్రచురణకర్త వెనక్కి తిరిగాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"ఏంటి మేష్టారూ ఇది! ఇన్నాళ్ళూ ఇలాంటివి దాచుకుని, మా నెత్తిన ఆ కొండలన్నీ ఎక్కించారా? పియానో నేర్చుకునే ప్రతి ఇంట్లోనూ ఇది ఉంటుంది, రాసి పెట్టుకోండి." అని ఒక ధర చెప్పాడు.

మేష్టారు నేలకేసి చూస్తూ ఉండిపోయారు.

"సరే," అని ప్రచురణకర్త దాన్ని పెంచాడు.

మేష్టారు నేల మీంచి చూపు ఎత్తలేదు.

"మీ అక్కగారి తమ్ముడనిపించుకున్నారు!" అని అతను నవ్వుతూ ఇంకాస్త పెంచాడు. "పైగా ఆ పెద్దదాన్ని కూడా వేసేద్దాం. నష్టమే, అయినా సరే. కొసరనుకోండి."

కొసరు! కూరలమ్మి చివర్లో సంచిలోకి విసిరే కొత్తిమీర రెబ్బలాగా, ఆరేళ్ళ పని. మేష్టారికి కోపం రావలసింది, రాలేదు. ఆశ పుట్టింది. ఒక్క ఊపు తల ఊపితే చాలు, క్వార్టెట్ అచ్చవుతుంది. ఎవరూ అడగరు. రాసిన మనిషి కూడా ఏమీ అనదు. అదే ఆయన్ని భయపెట్టింది. నిజంగానే ఏమీ అనదు.

"ఆలోచించి చెబుతాను" అని రెండు కట్టలూ సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయారు. దిగుతూ రెండో మలుపు దగ్గర ఆగబోయి, ఆగకుండా వెళ్ళారు.

ఆ సాయంత్రం ఇంట్లో దీపం వేసి, పియానో ముందు కూర్చుని, కట్ట మొత్తం వాయించారు. కుళాయి ముక్కలో నీటిచుక్కలు పడుతుంటే, ఎవరో వచ్చి కట్టేస్తారు. ఎవరో అన్నది అక్కే. దాన్ని వదిలేసి వెళ్ళేది తను. "పక్కగది" దగ్గరికి వచ్చేసరికి కుడిచేతిని వాయించబుద్ధి కాలేదు. ఎడమచేతి వరస ఒక్కటే పైనుంచి కిందిదాకా వాయించారు. అది దేనికీ తోడు రాగం కాదు. అదొక పూర్తి పాట. తను గోడకి ఇవతల స్వరాలు కెలుకుతూ "అక్క ఉందిలే" అనే ధీమాతో బతికిన ఇన్నేళ్ళూ, అవతల ఆవిడ ఒక్కర్తే ఉంది. అక్క వెళ్ళాక తను ఒంటరి అయ్యానని ఈ కొన్ని నెలలూ అనుకుంటున్నారు. ఆ ఇంట్లో ఒంటరితనం చాలా కాలంగా ఉంది. దాన్ని ఇన్నాళ్ళూ ఇంకొకరు మోశారు.

ఆదివారం పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళారు.

తలుపు పళ్ళ డాక్టరే తీశాడు. "రండి రండి, బావమరిదిగారూ!" అన్నాడు. మేష్టారు "బావగారూ" అనబోయి, అరవై ఏళ్ళు దాటాక కొత్తగా పట్టుబడే మాట కాదు కాబట్టి, "ఆ, వచ్చాను" అన్నారు. ఇల్లు వెచ్చగా, గందరగోళంగా ఉంది. కుర్చీల మీద పత్రికలు, కిటికీలో పూలకుండీలు. అక్క వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. ఎప్పుడూ బిగించి కట్టే జుట్టు వదులుగా ఉంది. ఇంత గట్టిగా నవ్వడం ఆవిడకి వచ్చని మేష్టారికి తెలీదు.

టీ తాగాక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. అక్క నవ్వు ఆగిపోయింది.

"ఇదెందుకు తీశావురా?"

"నీలం నాడా అన్నావుగా."

"అన్ని కట్టలకీ నీలమే! మీద ఏముందో చూసుకోవద్దూ?"

"నీ రాతే కదా, నాదే అనుకున్నాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎలా వినపడిందో ఆయనకి అప్పుడు తెలిసింది. పళ్ళ డాక్టరు గొంతు సవరించుకుని, పత్రిక అడ్డం పెట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మేష్టారు మెల్లగా.

"చెప్పానురా. చెప్పడమంటే, నీ పియానో మీద పెట్టాను, నువ్వే చూస్తావని. నువ్వు దాని మీద టీ కప్పు పెట్టావు." అక్క మొదటి పేజీ మూలన వెలిసిపోయిన గోధుమరంగు వలయం చూపించింది. "అప్పుడు నవ్వొచ్చింది. నువ్వు పడుకున్నాక ఏడుపొచ్చింది. ఆ మర్నాడు నీ రెండో భాగం సాపు రాయాల్సి ఉంది, రాసుకుంటూ కూర్చున్నాను. పోనీలే, ఇప్పుడవన్నీ ఎందుకు?"

మేష్టారు ప్రచురణకర్త అన్నదంతా చెప్పారు, ఒక్క ముక్క దాచకుండా. కొసరు మాట కూడా. అక్క మొదట నమ్మలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది, చెమట లేకపోయినా. ఆ తర్వాత ఆవిడ అన్నమాట మేష్టారు భయపడిన మాటే.

"ఇంకేం, ఇచ్చెయ్యి. నీ పేరుతోనే ఇచ్చెయ్యి. నీ పెద్దది అచ్చవుతుందిగా! నా పేరు ఎవరికి కావాలిరా ఈ వయసులో?"

"కుదరదు."

"ఏం, నేను చెబుతున్నానుగా!"

"నువ్వు చెబితే మాత్రం? ఇన్నేళ్ళూ నీ చేత రాయించుకున్నాను, నీ చేత బేరాలాడించుకున్నాను. చెవులు కూడా నీవే వాడుకోమంటావా?"

పత్రిక వెనకనుంచి పళ్ళ డాక్టరు అన్నాడు: "నా వృత్తిలో ఒకటే సూత్రం. నోరు తెరిస్తే గానీ ఏ పన్నో తెలీదు. ఇద్దరూ అరవై ఏళ్ళ తర్వాత తెరిచారు. ఇక వెళ్ళి ఆ పని కానివ్వండి."

మరుసటి వారం అక్కాతమ్ముళ్ళిద్దరూ ప్రచురణ సంస్థ మెట్లెక్కారు. పార్కు బెంచీ వైపు మేష్టారి కాళ్ళు అలవాటుగా ఒక అడుగు వేశాయి. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

సంగతి విన్న ప్రచురణకర్త కళ్ళజోడు దింపి అక్కని పరీక్షగా చూశాడు. "అమ్మా, ఇవి మీవా!" అన్నాడు. అంతే, అక్క చిన్నపిల్లలా ముడుచుకుపోయింది. ఇతని తండ్రిని ఒక పేజీ ధర దగ్గర గంటసేపు నిలబెట్టి చెమటలు పట్టించిన మనిషి, సంచి పిడి నలుపుతూ "ఏదోలెండి, ఊరికే కాలక్షేపానికి" అంది. అతను మొన్నటికంటే తగ్గించి ఒక ధర చెప్పాడు. "అలాగే" అంది అక్క. పుస్తకానికి పేరు మారుద్దామన్నాడు. "మీ ఇష్టం" అంది. మేష్టారు నిర్ఘాంతపోయి అక్కని చూశారు. పులి పిల్లి కావడం అంటే విన్నారు గానీ చూడలేదు. తమ్ముడి కోసం అయితే ఎంతైనా అడగగల మనిషికి, తన కోసం ఒక్కటి అడగడం రాదు.

"ఇంకొక్క చిన్న విషయం," అన్నాడు ప్రచురణకర్త. "చివరిది, ఆ పక్కగది. కుడిచెయ్యి ఆగిపోయాక ఒక పేజీ అంతా ఎడమచెయ్యి ఒక్కటే నడుస్తోంది. పిల్లలకి విసుగు. కుడిచెయ్యి ఆగిన దగ్గరే ముగిద్దాం. పేజీ కలిసొస్తుంది కూడా."

అక్క "సరే..." అనబోయింది.

"ఆగక్కా," అన్నారు మేష్టారు.

తన గొంతు ఇంత గట్టిగా ఉంటుందని ఆయనకే తెలీదు. నేలకేసి చూడలేదు. అతని మొహంలోకే చూస్తూ మొదలుపెట్టారు. ధర మొన్న చెప్పినదే, దాంట్లో చిల్లిగవ్వ తగ్గదు. పుస్తకం పేరు మారదు. అట్ట మీద ఆవిడ పేరు పూర్తిగా, పెద్దక్షరాల్లో ఉండాలి. "ఇక ఆ పేజీ సంగతి. కుడిచెయ్యి ఎవడికైనా రాయడం వస్తుంది. నాకూ వచ్చు. ఆ ఎడమచేతి పేజీ నాకు రాదు. అది తీసేస్తే మిగతాదంతా తీసేసినట్టే. ఇవ్వం."

ప్రచురణకర్త కుర్చీలో వెనక్కి వాలాడు. "పేజీలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది మేష్టారూ. ధరా తగ్గదంటారు, పేజీలూ తగ్గవంటారు. మరి మీ క్వార్టెట్ ఎలా వెయ్యను? ఆ పేజీ కావాలా, కొసరు కావాలా, మీరే చెప్పండి."

కింది అంతస్తులో అచ్చుయంత్రం ఆగకుండా తిరుగుతోంది.

"కొసరు వద్దు," అన్నారు మేష్టారు.

అక్క సంతకం పెట్టింది. ఎన్నో కాగితాల మీద మేష్టారి పేరు అందంగా రాసిన చెయ్యి, తన పేరు మొదటి అక్షరం రెండుసార్లు దిద్దుకుంది.

వీధిలోకి వచ్చాక ఆవిడ ఆయన మీద విరుచుకుపడింది. "బుద్ధుందా నీకు? ఒక్క పేజీ కోసం ఆరేళ్ళ పని వదులుకుంటావా? నీకు బేరం చేతకాదని నేను చిన్నప్పుడే చెప్పాను! లాభం వదిలి నష్టం మూటకట్టుకునేవాణ్ణి నిన్నే చూశా!" అంటూ రేవుదాకా తిట్టింది. పడవ కదిలే వేళకి తిట్లు అయిపోయాయి. ఆయన కోటు మెడపట్టీ సరిచేసి, గుండీ ఒకటి పెట్టి, పడవెక్కింది. అవతలి ఒడ్డున పళ్ళ డాక్టరు గొడుగు పట్టుకుని నిలబడి ఉండడం ఇక్కడికే కనిపిస్తోంది. పడవ అటు వెళ్ళింది. మేష్టారు క్వార్టెట్ చంకలో పెట్టుకుని ఇటు నడిచారు.

"ఇంటి చప్పుళ్ళు" ప్రచురణకర్త ఊహించినదానికంటే బాగా పోయింది. అక్కని ఇంకా రాయమన్నారు. ఆవిడ రాస్తోంది. వేరే ఊళ్ళలో సంగీత పాఠశాలలు పిలిస్తే పళ్ళ డాక్టరు దవాఖానా మూసేసి మరీ వెంట వెళుతున్నాడు. ప్రతి ఆదివారం వచ్చే ఫోన్లు రెండు వారాలకో మూడు వారాలకో ఒకసారి అయ్యాయి. ఫోన్లో ఆవిడ గొంతు ఎప్పుడూ ఏదో పని మధ్యలోంచి వచ్చినట్టుండేది. మేష్టారు సంతోషపడ్డారు. నిజంగానే పడ్డారు. ఫోన్ పెట్టేశాక ఆ సంతోషాన్ని చెప్పుకోడానికి మాత్రం ఇంట్లో ఎవరూ లేరు.

చలికాలమంతా కూర్చుని ఆయన క్వార్టెట్‌లోంచి నాలుగు వాద్యాలకీ విడివిడిగా భాగాలు తీసి రాశారు. మొదటిసారి స్వయంగా సాపు రాయడం. వేళ్ళు నొప్పిపెట్టాయి, వీపు పట్టేసింది. అయినా రాత బాగుపడలేదు. పాత శిష్యుల్లో వయొలిన్ వాయించే ఒకామె జాలిపడి మరో ముగ్గుర్ని కూడగట్టింది. "మేష్టారూ, ఇది స్వరమా, సిరా మరకా?" అని వాళ్ళు అడగని రోజు లేదు. ఒకచోట వయోలా అతను, "ఇక్కడ నేనొక్కణ్ణే తప్పుగా వినిపిస్తున్నాను, కావాలనే రాశారా?" అన్నాడు. మేష్టారు చాలాసేపు చూసి, "కావాలని రాయలేదు. కానీ బావుంది, ఉంచు" అన్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం, పాఠశాల చిన్న హాల్లో వాయించారు. అక్క రాలేకపోయింది. ఆ రోజే ఎక్కడో ఆవిడ ముక్కల పరిచయ సభ. తేదీ మార్చమని అడుగుతానంది, మేష్టారే వద్దన్నారు. జనం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ముందు వరసలో ఒక పెద్దాయన రెండో భాగంలోనే నిద్రపోయాడు, పాపం హాయిగా. మేష్టారు చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నారు. ఆరేళ్ళు తల లోపల విన్నది మొదటిసారి గాలిలో విన్నారు. కొన్నిచోట్ల తను అనుకున్నట్టే ఉంది. కొన్నిచోట్ల లేదు. మూడో భాగం, నెమ్మదిగా సాగేది, మొదలయ్యాక ఆయన అలవాటుగా పక్క కుర్చీ వైపు తిరిగారు. అందులో ఎవరిదో కోటు ఉంది.

చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టి, చేతులు కలిపినవాళ్ళు కలిపి వెళ్ళిపోయారు. వయొలిన్లు పెట్టెల్లోకి వెళ్ళాయి. కాపలాదారు కుర్చీలు మడతపెట్టి గోడకి ఆనిస్తున్నాడు. మేష్టారు టోపీ అందుకుని లేచారు.

వేదిక మీద చెల్లో వాయించే అమ్మాయి ఇంకా కదల్లేదు. మిగతా ముగ్గురూ తొందర పెడుతున్నా వినిపించుకోకుండా, నెమ్మది భాగంలో తన వరస మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది. ఎవరి కోసమో కాదు. ఏదో సందేహం తీరలేదు ఆమెకి. ఒకచోట ఆగి, కాగితం మీదికి వంగి, పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, మళ్ళీ అందుకుంది.

కాపలాదారు మేష్టారి కుర్చీ కోసం వచ్చి నిలబడ్డాడు. "దీపాలు ఆర్పాలండీ" అన్నాడు.

"ఇదొక్కటీ ఉంచు బాబూ, కాసేపు" అన్నారు మేష్టారు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ కూర్చున్నారు.